ఆవుగారికి డాక్టరమ్మ పరిచయం

పశువుల ఆసుపత్రి పెద్ద డాక్టరుగారికి ఒకే ఒక్క జబ్బు. ఎవర్నైనా ఎవరికైనా పరిచయం చెయ్యకుండా ఉండలేరు. మనుషుల సంగతి సరే, కొత్త కుర్చీ వస్తే పాత బల్లకి పరిచయం చేసేవారు. "ఇతను ఇకనుంచి నీ పక్కనే. కాస్త సర్దుకో." అందరూ ఆయన్ని పరిచయాల డాక్టరు అనేవారు. ఆయన దానికీ పొంగిపోయేవారు.

కొత్తగా చేరిన చిన్న డాక్టరమ్మకి మొదటి వారంలోనే తల బొప్పి కట్టింది. ఏ కొట్టానికి వెళ్ళినా ఆయన ఆమెను ఆవు ముందు నిలబెట్టేవారు. "అమ్మా, ఈవిడ మన కొత్త డాక్టరమ్మ. చదువులో బంగారు పతకం. చెయ్యి మాత్రం చల్లన, ఏమీ అనుకోకు." ఆవు నెమరు ఆపి ఎగాదిగా చూసేది. దాని వెనకే యజమానీ చూసేవాడు. ఆమెకి సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

"సార్, ఆవుకెందుకండీ పరిచయం?" అని ఒకరోజు అడిగేసింది.

"కడుపులో దూడ సగం తండ్రిది. అంటే తల్లి ఒంటికి సగం పరాయిది. రోగాల్ని తరిమికొట్టే ఒంటి కాపలావాళ్ళు దాన్ని మెడపట్టి గెంటకుండా ఎందుకు ఊరుకుంటారు?" అని ఎదురడిగారాయన.

"సహించడం నేర్చుకుంటారు. తండ్రి వీర్యం తగిలినప్పట్నుంచే ఆ పాఠం మొదలు."

"అదే పరిచయం!"

"అది వీర్యం చేసే పని సార్, మీ ఉపన్యాసం కాదు!"

"పాపం, దానికి నోరు లేదుగా. ఆ లోటు నేను తీరుస్తున్నాను."

వాదనలో ఓడిపోయినా సర్దుకునేదే. కానీ ఎవరూ ఆమెను పశువు మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. "పెద్దాయన్ని రమ్మనండమ్మా" అనేసేవారు. పాలాయన మరీను. అతని ఆవుకి ఇదివరకు రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి నెలలు నిండాయి. డాక్టరమ్మ గడప తొక్కితేనే అతను గుండె పట్టుకునేవాడు. రెండు నెలలు చూసి ఆమె రాజీనామా రాసి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే పాలాయన పరుగెత్తుకొచ్చాడు. ఆవుకి నొప్పులు. దూడ అడ్డం తిరిగింది. పెద్ద డాక్టరు లేవబోయి, "అబ్బా!" అని కుడికాలు పట్టుకు కూలబడ్డారు. "బెణికిందయ్యా. కదల్లేను."

పాలాయన ఆయనకేసీ ఆమెకేసీ చూశాడు. "సరే, మీరే రండమ్మా. మా ఆవుకి మీరు తెలిసినవాళ్ళేగా. ఆయన అయిదుసార్లు చెప్పారు."

గంటన్నర పెనుగులాట. చివరికి దూడ జారి గడ్డిలో పడింది, తుమ్మింది. తల్లి నాకడం మొదలెట్టింది. పాలాయన కళ్ళు తుడుచుకుని దూడ మొహం ఆమె వైపు తిప్పాడు.

"ఒరేయ్, ఈవిడ మన డాక్టరమ్మరా!"

మన! ఆ మాట పట్టుకునే ఆమె ఆసుపత్రికి తిరిగొచ్చింది. వరండాలో పెద్ద డాక్టరు చకచకా పచార్లు చేస్తున్నారు.

"సార్, కాలు?"

"ఏ కాలు?" అన్నారాయన. వెంటనే గుర్తొచ్చి కుంటడం మొదలెట్టారు. ఈసారి ఎడమ కాలు.

ఇన్నాళ్ళూ ఆయన ఆవుతో మాట్లాడుతూ దాని వెనకున్న ఎవరికి వినిపించారో ఆమెకప్పుడు వెలిగింది. సంచిలోంచి కాగితం తీసింది.

"సార్, ఇది నా రాజీనామా. మీకు పరిచయం చేద్దామని."

ఆయన కాగితానికి వినయంగా నమస్కారం పెట్టారు. "సంతోషం. మనతోనే ఉంటుందా?"

"లేదండీ, వెళ్ళిపోతోంది," అంటూ నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసింది.

పెద్ద డాక్టరు చెత్తబుట్ట మీదికి వంగారు. "ఇవి కొత్తగా వచ్చాయి. కాస్త సర్దుకో."