బ్రేకు మీద కాలు

నా కుడికాలిలో ఏ లోపమూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ వానాకాలమంతా రాయగడలో మా హార్డ్‌వేర్ షాపుకు మేకులు కొనడానికి వచ్చినవాడూ, పైపు కొనడానికి వచ్చినవాడూ నా కాలి గురించే సలహాలిచ్చి పోయారు.

సంగతి నా కారుది. కోరాపుట్ వైపు టౌన్‌షిప్‌లో పనిచేసే ఒక ఇంజనీరు బదిలీ మీద వెళ్ళిపోతూ అమ్మితే, షాపులో నేను కూర్చుని సంపాదించుకున్న డబ్బుతో కొనుక్కున్నాను. పాతదే. చూస్తే మామూలు కారే. కానీ ఇంజను మాత్రం పరుగు కోసమే చేసినది. ఘాటు రోడ్డులో గేరు దింపి ఒక్కసారి తొక్కితే ముందున్న లారీ వెనక్కి వెళ్ళిపోయేది. ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

ఎండాకాలంలో బ్రేకులు సర్వీసు చేయించాక దానికి జబ్బు పట్టుకుంది. పొద్దున్న చక్కగా బయల్దేరేది. ఘాటులో నాలుగు మలుపులు తిరిగాక బరువెక్కేది, కాలిన వాసన వచ్చేది, చివరికి కదలనని మొరాయించేది. కాసేపు చల్లారనిస్తే మళ్ళీ ఏమీ ఎరగనట్టు నడిచేది. మెకానిక్కుకి మర్నాడు చూపిస్తే చక్రాలు విప్పి, తుడిచి, చేత్తో తిప్పి చూపించేవాడు. "అన్నీ ఫ్రీగానే తిరుగుతున్నాయండీ. మేడమ్ బ్రేకు మీద కాలు ఆన్చి తోల్తన్నట్టున్నారు" అన్నాడు ఒకరోజు, నాతో కాదు, మా ఆయనతో.

అంతే, మా ఆయనకు అదే వేదమైపోయింది. మలుపు మలుపుకీ "బ్రేకు మీంచి కాలు తియ్యే" అనడమే. నిజానికి కారెక్కితే ఈయన చేసే పని ఒకటే, పక్కసీటులో బిగుసుకుని కూర్చుని కాలితో నేలను తొక్కడం. నా కాలు ఎక్కడుందో చూసే తీరిక ఆయనకు ఎక్కడిది?

చివరికి నాకు చెప్పకుండానే కోరాపుట్ అవతల బొరిగుమ్మలో రైస్ మిల్లు నడిపే ఒకాయనతో బేరం కుదిర్చేశారు. అడిగితే, "నీ మంచికేనే. ఘాటులో ఏటైనా అయితే? పెద్ద కారు ఆడోళ్ళకి కుదరదని అందరూ అంటన్నారు" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కారు పోతుందన్న బాధ ఒక ఎత్తు. తోలడం చేతకాక అమ్ముకుందనే పేరుతో పోతుందన్నది ఇంకో ఎత్తు. ఆ పేరు ఒకసారి పడిందంటే ఆ ఊళ్ళో ఇక నా చేతికి తాళం ఎవరిస్తారు? "అమ్మండి. కానీ అప్పగించేదాకా స్టీరింగు నాదే. నేనే తోలుకెళ్ళి ఇస్తాను, మీరు పక్కన కూకుని నా కాలు సూడండి" అన్నాను.

ఆదివారం బయల్దేరాం. చెప్పులు విప్పేసి తోలాను, పాదం బాగా కనబడాలని. బ్రేకు అవసరమైతే తొక్కడం, వెంటనే పక్కకు తీసేయడం. "సూస్తన్నారా?" అంటే "ముందు సూడే, ముందు సూడు" అంటారు. టికిరి దాకా వచ్చేసరికి అదే వాసన. సంత దగ్గర, రోడ్డు కొంచెం ఎత్తెక్కే చోట పక్కకు ఆపేశాను. ఆయన తల పట్టుకున్నారు. "మల్లీ కాలేసీసేవు" అన్నారు.

నేను దిగి, ఒక్కో చక్రం దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. మా నాన్న రైల్వేలో పెట్టెలు పరీక్ష చేసే పనిలో ఉండేవారు. స్టేషన్లో బండి ఆగగానే చక్రం చక్రానికీ చెయ్యి ఆనించుకుంటూ పోయేవారు. "ఒక్క సక్రం కాలితే జబ్బు అక్కడుంది. అన్నీ కాలితే జబ్బు సక్రాలది కాదమ్మి, పైనించి బ్రేకు వదల్లేదన్నమాట" అని అన్నం తింటూ చెప్పేవారు. నాలుగు చక్రాలూ సెగలు కక్కుతున్నాయి. ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు. ఓరి దేవుడా, ఇన్నాళ్ళూ అందరూ ఈ కారును చల్లారాకే చూశారు! జ్వరం తగ్గాక చెయ్యి పట్టుకుంటే ఏం తెలుస్తుంది?

వెనక చక్రం కింద రాయి పెట్టాను. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, హ్యాండ్‌బ్రేకు దింపేశాను.

"ఇప్పుడు ఆ రాయి తియ్యండి" అన్నాను.

"ఎల్లిపోద్దే!"

"తియ్యండంటే."

భయపడుతూ తీశారు. కారు ఎత్తు మీద అలాగే నిలబడిపోయింది, ఒక్క అంగుళం కదల్లేదు. అప్పటికే సంతకు వచ్చిన జనం "కణ హెలా, కణ హెలా" అని ఏమైందో అడుగుతూ చుట్టూ చేరారు. నేను రోడ్డు మీద నా రెండు పాదాలూ ఆయనకు చూపించాను.

"నా కాళ్ళు రెండూ ఇక్కడున్నాయి గదేటి. మరి బ్రేకు ఎవరు తొక్కుతున్నారండీ?"

ఆయన ఒకసారి కారు లోపలికి, ఒకసారి నా పాదాల వైపు చూశారు.

రాయిని చక్రానికి జానెడు వెనక్కి పెట్టించి, డిక్కీలోంచి నా స్పానర్ల సంచి తీశాను. బానెట్ కింద మాస్టర్ సిలిండర్ ఉంటుంది. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసేది అదే. దాన్ని పట్టి ఉంచే రెండు నట్లు వదులు చేసి, సిలిండర్ను కొద్దిగా ముందుకు లాగాను. కారు మెల్లగా వెనక్కి జారి రాయికి ఆనుకుంది.

కెవ్వున అరిచాను. ఎందుకు దాచాలి, సంతలో గెంతులేశాను. చక్రాల్లో జబ్బు లేదు, సిలిండర్లోనూ లేదు. దాన్ని వెనకనుంచి ఏదో నిత్యం నొక్కుతోంది. పెడల్ పూర్తిగా వెనక్కి వస్తేనే ఆయిల్ తిరిగి డబ్బాలోకి పోయే దారి తెరుచుకుంటుంది. ఆ దారి మూసుకుపోతే, వేడికి ఉబ్బిన ఆయిల్ ఎటూ పోలేక బ్రేకుల్ని అదే పట్టేస్తుంది.

స్టీరింగు కింద తల దూర్చి పెడల్ పైకి టార్చి వేశాను. పెడల్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే ఇనప కడ్డీకి ఒక నట్టు ఉంది. చుట్టూ ఉన్నదంతా మట్టి, మసి. ఆ ఒక్క నట్టు మాత్రం స్పానరు గాట్లతో తళతళలాడుతోంది.

"దీన్ని ఎవరు తిప్పేరు?" అన్నాను.

బయటికి వచ్చి చూస్తే ఆయన సంతలో అల్లం రాశుల వైపు తెగ శ్రద్ధగా చూస్తున్నారు.

"ఏవండీ."

"నేనే సెప్పేను" అన్నారు చిన్నగా. "సర్వీసుకి ఇచ్చినప్పుడు మెకానిక్కుకి సెప్పేను. ఘాటులో మనోళ్ళందరూ పెడల్ పైనే పట్టేలా బిగించుకుంటారు గదా. తోలేది మా ఇంటిది, కాలు ఆన్చగానే పట్టీయాలి, ఖాళీ అన్నది ఉండకూడదు అన్నాను."

నిజమే, మా వైపు ఘాటు ఎక్కే ప్రతి డ్రైవరుకూ ఉన్న పిచ్చే అది. లారీల వాళ్ళ దగ్గర నేర్చుకున్నారు ఈయన. అయితే మాత్రం? నా ప్రాణం కోసమని బిగించి, బిగించిన మాట మర్చిపోయి, ఊరందరి ముందూ నా కాలికి ఉరి వేశారు! ఆ మాటే అన్నాను, ఇంకా చాలా అన్నాను. సంతలో తెలుగు తెలిసినవాళ్ళు నవ్వుతూ నిలబడ్డారు. ఆయన తలొంచుకుని టార్చి పట్టుకున్నారు.

కడ్డీని వెనక్కి తిప్పి, పెడల్‌ను వేలితో తోస్తే కొంచెం ఖాళీగా ఆడేలా చేసి, నట్టు బిగించాను. సిలిండర్ నట్లు మళ్ళీ గట్టిగా బిగించి, పెడల్ గట్టిగా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. బయల్దేరాం. లక్ష్మీపూర్ దాటి కొండలన్నీ ఎక్కించాను, దించాను. కారు మళ్ళీ మునుపటి కారైపోయింది, తాడు తెంచుకున్న దూడలా ఉరికింది. కోరాపుట్ ముందు ఆపి, "చెయ్యి పెట్టండి" అన్నాను. నాలుగు చక్రాలకూ ఆయనే వంగి చెయ్యి ఆనించి చూశారు. గోరువెచ్చగా ఉన్నాయి, అంతే.

అప్పుడే బొరిగుమ్మ నుంచి ఫోన్ వచ్చింది. ఎంతదాకా వచ్చారని. నేను చెయ్యి చాచాను. ఆయన నాకివ్వలేదు, స్పీకర్లో పెట్టి గట్టిగా చెప్పారు.

"కారు అమ్మట్లేదండి. బండిలో ఏ తప్పూ లేదు. మా ఇంటిది బ్రేకు మీద కాలు పెట్టనూ లేదు. నేనే బిగించీసి, నేనే దాన్ని అన్నాను. ఇక్కడికొచ్చేక తెలిసింది."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం ఇంకా పోలేదు గానీ, ఆ నీళ్ళు మాత్రం సంతోషానివే.

"ఈ మాటే రేపు షాపులో కూడా సెప్పాలి" అన్నాను.

"సెప్తానే."

"పైపు కొనడానికి వచ్చినోళ్ళకీ, మేకులు కొనడానికి వచ్చినోళ్ళకీ."

"అందరికీ సెప్తాను, పద."

కోరాపుట్‌లో టీ తాగి కారును రాయగడ వైపు తిప్పాను. మొదటి మలుపులో గేరు దింపి తొక్కగానే పక్కనుంచి దబ్బున చప్పుడు. చూస్తే ఆయన కుడికాలు. ఎదురుగా ఉన్న నేలను ప్రాణం పెట్టి నొక్కుతోంది. కింద రబ్బరు మ్యాటు అక్కడే అరిగి చిల్లు పడింది.

"బ్రేకు మీంచి కాలు తియ్యండి" అన్నాను.