పెంచలకృష్ణ యాప్ అడిగిన ప్రశ్న

మైపాడులో పెంచలకృష్ణ తెలియనివాళ్ళు లేరు. ప్రపంచంలో కూడా కొందరికి తెలుసు. ఊళ్ళో వాడు చేపల పిచ్చమ్మ కొడుకు. ప్రపంచానికి ఫౌండర్. ఈ రెండింటిలో ఏది పెద్ద బిరుదో రెండు నెలల పాటు వాడు తేల్చుకోలేకపోయాడు. తేలిన రోజు పక్కింటివాణ్ణి కాబట్టి నేనూ పక్కనే ఉన్నాను.

పిచ్చమ్మ తెల్లారకముందే ఒడ్డుకు పోయి, గంప బోర్లించి దాని మీద కూర్చుంటుంది. ఏ పడవ ఎప్పుడొస్తుందో, ఏం తెస్తుందో తెలియదు. ఐసు తెప్పించిన రోజు పడవలు ఖాళీగా వస్తాయి. తెప్పించని రోజు వంజరం చేప గుట్టలుగా పడుతుంది. నెల్లూరు పోయే ఆటో ఆగదు, చేప అంతకన్నా ఆగదు. ముప్పై ఏళ్ళుగా ఆమె అలా సముద్రం వైపు చూస్తూ కూర్చోవడం చూసి కొడుక్కి ఒక ఆలోచన వచ్చింది. పడవ తిరిగొస్తూ సిగ్నల్ అందగానే పడవ నడిపే సరంగు ఫోనులో చేప బొమ్మ మీద వేలు పెడితే చాలు. ఏ పడవ, ఏ చేప, ఎన్ని గంపలు అన్నది ఒడ్డున ఆడవాళ్ళ ఫోన్లలో కనబడుతుంది. యాప్ పేరు 'ఒడ్డు'. మంచి ఆలోచనే. ఆ మాట ముందే అనేస్తున్నాను, ఎందుకంటే తర్వాత ఎవరూ అనలేదు.

దీనికోసం వాడు నెల్లూరులో సెల్ షాపు ఉద్యోగం మానేశాడు. మేనమామ ఆనందబాబు కృష్ణపట్నం వైపు ఒక కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు మేస్త్రీ. ఆయన పిచ్చమ్మ ఎదుటే షరతు పెట్టాడు.

"అల్లుడూ, గేటు పాసు రాయించి పెట్టినా. వేట తెరిచిన రోజు పది పడవలు నీ బొమ్మలు నొక్కుకుంటా తిరిగొస్తే నీ దారి నీది. లేదంటే మర్నాడు కంపెనీ బస్సెక్కు."

"ఎక్కుతా మామా. నువ్వే దిగి నా ఆఫీసుకొస్తావు చూడు," అన్నాడు వీడు.

చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. పడవలన్నీ ఇసుకలో ఉంటాయి, మనుషులు వలలు బాగు చేసుకుంటూ ఖాళీగా ఉంటారు. అడిగి తెలుసుకోవాలంటే అంతకు మించిన అదను లేదు. ఆ రెండు నెలల్లో పెంచలకృష్ణ ఒడ్డుకు పోయింది ఒక్కసారి. పన్నెండు పడవలవాళ్ళ ఫోన్లలో యాప్ ఎక్కించి వచ్చేశాడు. మిగతా కాలమంతా ఇంటర్నెట్‌లో, కొత్త యాప్‌లు చేసేవాళ్ళ ఫోరంలో గడిపాడు.

అక్కడ మాది మైపాడు అని రాస్తే ఒక్కడూ పలకలేదు. శ్రీహరికోట పక్కన అని మార్చి రాస్తే నలభై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. పక్కన అంటే రెండు బస్సులు మారాలని వాళ్ళకు తెలియదు, వీడు చెప్పలేదు. బెంగళూరువాడొకడు రంగు నీలం ఉండాలన్నాడు. పోలండువాడొకడు ఆకుపచ్చ అన్నాడు. చేపను పళ్ళెంలో తప్ప చూడనివాళ్ళు చేప బొమ్మకు కన్ను ఎటుండాలో నాలుగు రోజులు కొట్లాడుకున్నారు. వీడు అందరికీ 'చాలా విలువైన సూచన' అని బదులు రాశాడు.

వేట తెరవడానికి వారం ఉందనగా అసలు సూచన వచ్చింది. పడవ తిరిగొచ్చేదాకా ఆగడమెందుకు, బయలుదేరగానే పలకరించు, ఎక్కడికి వెళ్తున్నారో అడుగు, ముందే అన్నీ తెలిసిపోతాయి అన్నాడు బెంగళూరువాడు. చదువు రానివాళ్ళుంటారు కదా, మాటతో అడిగించు అంది ఒకామె. మీ ఊరి యాసలో, నీ సొంత గొంతుతో అయితే ఆప్యాయంగా ఉంటుంది అన్నాడు పోలండువాడు. అరవై మంది అవునన్నారు.

వాడు అలాగే మార్చి, ఇంట్లో కూర్చునే అందరి ఫోన్లకూ పంపాడు. తెల్లవారుజామున నాలుగుకీ ఏడుకీ మధ్య ఏ ఫోనైనా ఒడ్డు నుంచి కిలోమీటరు దాటితే యాప్ నోరు విప్పుతుంది. దాటింది సముద్రం వైపా, ఊరి వైపా అని చూసుకునే పని తర్వాత చేద్దామనుకున్నాడు.

"ఒడ్డున ఎవరికన్నా వినిపించావా?" అని అడిగాను.

"ముందే వినిపిస్తే ఇంక లాంచ్ ఏముంటాది?" అన్నాడు.

వేట తెరిచిన రోజు వచ్చింది. పడవలకు పసుపు, కుంకుమ పెట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. తెల్లవారుతుండగా పన్నెండు పడవలూ నీళ్ళలోకి దిగాయి. లెక్క చూసుకోవడానికి ఆనందబాబు కూడా వచ్చి నిలబడ్డాడు. వీడు ఇసుకలో కూర్చుని ప్రతి అడుగూ ఫోరంలో రాస్తున్నాడు. పోలండు నుంచి శుభాకాంక్షలు వస్తున్నాయి. కొడుకు యాప్ మీద నమ్మకంతో పిచ్చమ్మ ఆ రోజు గంప బోర్లించలేదు. ఐసు కూడా తెప్పించి, గంప పక్కనే నిలబడింది.

పావుగంట గడిచింది. దూరాన ఒక పడవ తిరిగింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే వరసగా పడవల ముక్కులు ఊరి వైపు తిరిగాయి.

"మామా, లెక్కపెట్టుకో! ఎనిమిది... తొమ్మిది... పదకొండు!" అని పెంచలకృష్ణ ఎగిరాడు.

"అప్పుడే ఏందిరా? ఇంకా వల కూడా వేసుండరే," అంది పిచ్చమ్మ.

మొదటి పడవ నుంచి సరంగు తిమోతి నడుం లోతు నీళ్ళలోకి దూకి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన ఫోను.

"ఎవుడ్రా నన్ను యాడికి పోతుండావని అడిగినోడు?"

"నేను కాదన్నా, యాప్ అడిగింది."

"యాప్‌కి నీ గొంతెందుకుండాదిరా?"

మా వైపు బయలుదేరిన మనిషిని యాడికని ఎవరూ అడగరు. వేటకు పోయేవాణ్ణయితే బద్ధశత్రువు కూడా అడగడు. అడిగితే వెనక్కొచ్చి, నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ కదలాలి. వేట తెరిచిన రోజున అడిగితే ఆ రోజుకు పోనే పోరు. గుడికి పోయేవాళ్ళకీ చర్చికి పోయేవాళ్ళకీ ఈ ఒక్క విషయంలో ఒకటే మతం. ఇది పెంచలకృష్ణకు తెలియక కాదు. ఇంగ్లీషులో ఆ ప్రశ్నకు శకునం లేదు. తెలుగులోకి దించినా వాడి చెవికది ఇంగ్లీషులాగే వినబడింది.

"మీ నాయన సముద్రానికి పోయినన్నాళ్ళు ఒక్కనాడన్నా నేను యాడికని అడిగినానా? నీకెవురు నేర్పినార్రా ఈ మాట?" అంది పిచ్చమ్మ.

"ఫోరంలో చెప్పినారమ్మా. పెద్ద పెద్దోళ్ళు."

"వాళ్ళ ఊళ్ళకి సముద్రం ఉండాదా?"

వాడు ఆలోచించాడు. బెంగళూరుకు లేదు. పోలండు సంగతి వాడికి తెలియదు.

పదకొండు ఫోన్లలోంచీ యాప్ అక్కడికక్కడే తీసేశారు. పన్నెండో పడవ ఏసుమణిది. ఆయన ఫోనులో ముందురోజే ఛార్జింగు అయిపోయింది కాబట్టి ఆయన్నెవరూ ఏమీ అడగలేదు. మధ్యాహ్నానికి ఒక్కడే పడవ నిండా వంజరంతో వచ్చాడు. ఆడవాళ్ళంతా ఆ ఒక్క పడవ మీద పడ్డారు. ఏసుమణి చెప్పిందే ధర. పనంతా అయ్యాక ఆయన పెంచలకృష్ణను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యేశాడు.

"మంచి యాప్ చేసినావు అబ్బయ్యా. రేపు కూడా అడుగు, నీకు పుణ్యముంటాది. నా ఫోనుకు మాత్రం వద్దు."

రెండు నెలల్లో వాడికి దొరికిన సంతృప్తి చెందిన వాడుకరి ఆయనొక్కడే.

సాయంత్రం వాడు జరిగిందంతా దాచకుండా ఫోరంలో రాశాడు. వాడు రాసినవాటిలో అన్నిటికన్నా ఎక్కువ మందికి నచ్చింది అదే. గొప్ప పాఠం, కళ్ళు తెరిపించావు, ఇలాంటి ఓటములే మమ్మల్ని నడిపిస్తాయి అని బోలెడుమంది రాశారు. సముద్రమే లేని ఊళ్ళ నుంచి మూడొందల మంది యాప్ దింపుకున్నారు. బెంగళూరువాడు ఇంకో విలువైన సూచన ఇచ్చాడు. ఈసారి ఆడ గొంతుతో అడిగించమన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకు పెంచలకృష్ణ కొత్త బూట్లేసుకుని కంపెనీ బస్సెక్కాడు. చూడ్డానికని నేనూ మలుపు దాకా ఎక్కాను. ముందు సీట్లో ఆనందబాబు. నలభై మంది పనివాళ్ళు, నలభై హెల్మెట్లు. బస్సు ఒడ్డు రోడ్డు దాటి ఒక కిలోమీటరు పోయిందో లేదో, వాడి జేబులోంచి వాడి గొంతే ఆప్యాయంగా పలికింది.

"అన్నా, యాడికి పోతుండావు?"

డ్రైవరు పద్మనాభయ్య బ్రేకు మీద నిలబడ్డాడు.

"ఎవురయ్యా అది? బాయిలర్ల దగ్గరికి పోయేవాళ్ళని ఈ మాటా అడిగేది?"

ఆనందబాబు తల పట్టుకుని, "మావాడే," అన్నాడు.

పద్మనాభయ్య ఇంకో మాట లేకుండా బస్సు వెనక్కి తిప్పాడు. ఒడ్డు దగ్గర అందరం దిగాం. నలభై మంది వరసగా నిలబడి కుళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నారు. బోర్లించిన గంప మీద నుంచి పిచ్చమ్మ లేచి వచ్చింది. కొడుకును ఏమీ అడగలేదు. సంచిలోంచి సీసా తీసి వాడి దోసిట్లో నీళ్ళు పోసింది.

వాడు తాగి మూతి తుడుచుకునేలోగా పద్మనాభయ్య వాడి జేబులోంచి ఫోను లాగి, నోరు మూయించి, తన సీటు కింద పెట్టుకున్నాడు. బస్సు మళ్ళీ కదిలింది. పిచ్చమ్మ గంప మీద కూర్చుని సముద్రం వైపు చూసింది. పన్నెండు పడవలూ కనుచూపు దాటిపోయాయి. ఏది ముందొస్తుందో, ఏం తెస్తుందో తెలియదు.