దండానికి అర నిమిషం

స్కూటర్ రేసుకి నన్ను అంపైరుగా పెట్టారన్న కబురు మొదట మోసుకొచ్చింది మా పక్క క్వార్టరు దీనమ్మక్క. ఆవిడ నవ్వు చూసి అప్పుడే నేను తలుపు గడియ పెట్టుకోవాల్సింది. పెట్టుకోలేదు. దాంతో ఒక్క సాయంత్రంలో భిలాయిలోని మా సెక్టారు మగవాళ్ళందరికీ శత్రువునయ్యాను. కట్టుకున్నవాడి మెడలోంచి పూలదండ తీయించాను. అసలు ఘోరం అది కూడా కాదు. ఓపిక పట్టండి, వరసగా చెబుతాను.

"సెల్లీ, గుడి మలుపు కాడ నువ్వే అంపైరువి. సంఘమంతా ఒప్పేసుకున్నారు," అంది అక్క.

"నేనేటక్కా! స్కూటర్ వెనకాల కూర్చుంటే కళ్ళు మూసుకుని స్వామి నామం చెప్పుకునేదాన్ని. నాకేం తెలుసు రేసుల సంగతి?"

"తెలీదనే పెట్టినారు. తెలిసినోళ్ళయితే తమవాళ్ళని గెలిపించీసుకుంటారు. నువ్వు అబద్ధమాడవు గదా."

నేను బడి గడప తొక్కలేదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి రామాయణం, కూడికలు, తీసివేతలు నేర్పారు. ఆ పుణ్యాత్ముడికి ఈనాటికీ రోజూ దండం పెట్టుకుంటాను. కానీ జుర్మానాల పాఠం ఆయన చెప్పలేదు.

అవి డెబ్భైల చివరి సంవత్సరాలు. విశ్వకర్మ పూజనాడు ఉక్కు ప్లాంటులో క్రేన్లకీ, యంత్రాలకీ కొబ్బరికాయలు కొట్టడం అయ్యాక, సాయంత్రం మన తెలుగువాళ్ళ సంఘం స్కూటర్ రేసు పెట్టేది. గాలిని చీల్చుకుపోయే రేసు అనుకునేరు! పొద్దుటి పూజలో ప్రతి బండికీ బంతిపూల దండ వేసి, ముందు దీపానికి కుంకుమ పెట్టి ఉంచేవారు. అవి బయల్దేరితే గంగిరెద్దులు ఊరేగింపుకి వెళ్తున్నట్టుండేది. మైదానం చుట్టూ నాలుగు చుట్లు తిరిగి, గీత ముందు దాటినవాడికి వెండిరంగు కప్పు. ఒకటే గట్టి రూలు: నడుపుతూ హ్యాండిలు మీంచి చెయ్యి తీస్తే, తీసినప్పుడల్లా అర నిమిషం జుర్మానా. అంతకుముందు ఏడాది ఒకాయన జనానికి చెయ్యి ఊపుకుంటూ పోయి చెరుకురసం బండిలో దూరాడు. ఆ దెబ్బకి పుట్టిన రూలది.

నా పని తేలిక. ఆంజనేయస్వామి గుడి మలుపులో నిలబడి, ఎవరైనా చెయ్యి తీస్తే ఎర్ర జాకెట్టు గుడ్డ ఎత్తి పేరు కేకెయ్యాలి. దీనమ్మక్క నా మీదికి గొడుగు పట్టింది.

మొదటి చుట్టు. అందరికంటే ముందు మావారు. గుడి ఎదురుగా రాగానే కుడిచెయ్యి గుండెలకీ, పెదవులకీ తాకించి సాగిపోయారు. నా మనసు పాయసంలా పొంగింది. ఆయన వెనకే, ఒకరిద్దరు తప్ప, మిగతా వాళ్ళూ అంతే. డ్యూటీకి పోతూ వస్తూ ఆ గుడి ముందు అలా దండం పెట్టడం బ్రేకు నొక్కినంత అలవాటు మరి. ఎర్ర గుడ్డ నా చంకలోనే ఉంది. దండం పెట్టడం కూడా చెయ్యి తియ్యడమే అవుతుందని, ఒట్టు, నాకు తోచనే లేదు.

రెండో చుట్టులో దీనమ్మక్క భర్త, చర్చికి వెళ్ళే జోసెఫ్ బావ వచ్చాడు. గొడుగు కింద భార్య కనబడగానే ముఖం వెలిగిపోయి, ఒక్కసారి చెయ్యి ఊపాడు. అంతే, నాలో న్యాయదేవత ఉలిక్కిపడి లేచింది. గుడ్డ ఎత్తాను.

"జోసెఫ్ బావా! అర నిమిషం!"

"అదేటి సెల్లీ?" అంది అక్క.

"చెయ్యి తీశాడు కదక్కా."

"మీ ఆయన తియ్యలేదా ఏటి?"

"అది దండం అక్కా!"

"ఓహో. నీ మొగుడు చెయ్యి తీస్తే భక్తి, నా మొగుడు తీస్తే నేరమా? చెయ్యి ఎవరికోసం లేచిందో హ్యాండిలుకి ఏటి తెలుస్తాది?"

పక్కన కొబ్బరికాయలమ్మే అతను కూడా తలూపాడు. "సహీ బాత్ హై, దీదీ."

అక్క గొడుగు తీసుకుని రోడ్డుకి అవతల పక్కకి వెళ్ళి నిలబడింది. నా నెత్తిమీద ఎండ పడింది. ఎండ సరే, గుండెలో కూడా ఏదో భగ్గుమంది. హిందీ ముక్క రాకుండా కాపురానికొచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని బజారంతా తిప్పింది ఆవిడే. జ్వరంతో మంచంపడితే గంజి కాచి తాగించిందీ ఆవిడే. మా ఇళ్ళ మధ్య గోడకి ఇటుకలు తీసి పెట్టుకున్న కిటికీ ఇక మూసుకుపోతుందేమోనని బెంగపడ్డాను. ఆ బెంగలో మూడో చుట్టు ఎవరు ఎలా పోయారో కూడా పట్టలేదు.

స్వామి వైపు తిరిగి దారి చూపమన్నాను. చూపించాడు. నాలుగో చుట్టులో మావారు దండం పెట్టగానే గుడ్డ ఎత్తాను.

"ఏమండీ! అర నిమిషం!"

ఆయన స్కూటరు గోరింటాకు పొదలోకి తొంగిచూసి వచ్చింది. ఆ తర్వాత దండం పెట్టినవాడల్లా నా కేక తిన్నాడు. చివరి ఇద్దరిలో ముందు జోసెఫ్ బావ. రెండు చేతులూ బిగించి పట్టుకుని, భార్య వైపు చూడనైనా చూడలేదు. ఆ వెనకే, నాలుగు మూరల దూరంలో, సూర్యారావు బాబాయి. దేవుడు లేడని వాదించడం ఆయనకి రెండో షిఫ్టు. బండి దగ్గుతూ, ఆగుతూ వస్తోంది. 'నా చేత న్యాయం చేయించావు తండ్రీ' అని నేను చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బాబాయి మలుపు దాటేశాడు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

గీత దగ్గరికి పరుగెత్తేసరికి మావారి మెడలో దండ పడిపోయింది.

"ఆగండి! దండం పెట్టినవాళ్ళందరికీ, పెట్టిన ప్రతి చుట్టుకీ జుర్మానా!" అన్నాను.

"ఇప్పుడు చెప్తే ఎలాగమ్మా?" అని సంఘం కార్యదర్శి అప్పలనాయుడు గారు తల పట్టుకున్నారు.

"స్వామికి దండం పెడితే జుర్మానాయా! ఇదెక్కడి ఇన్సాఫ్?" అన్నారు మావారు.

"మీరు పెట్టలేదా?"

ఆయన గుడి వైపు చూశారు. అందరూ అటే చూశారు. ఎదురుగా గుడి ఉంది మరి, పెట్టలేదని ఎవరనగలరు? నాలుగు చుట్లూ పెట్టారు కాబట్టి వాళ్ళందరూ రెండేసి నిమిషాలు, అంటే నిమిషం వెనకగా వచ్చిన చివరి ఇద్దరికంటే కూడా వెనక్కి పోయారు. చెయ్యి ఊపినందుకు జోసెఫ్ బావకి ఒక్క అర నిమిషం. ఏ జుర్మానా లేనిది సూర్యారావు బాబాయికే. మావారి మెడలోని దండ ఆయన మెడకి మారింది. స్వామి గుడి ముందు రేసు పెడితే, స్వామి లేడన్నవాడు గెలిచాడు!

దీనమ్మక్క గొడుగు ముడిచి ఇంటికి వెళ్ళిపోయింది.

దీపాలు పెట్టే వేళకి బాబాయి కప్పు పట్టుకుని మా వెనక గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయ్, నువ్వు నిజంగా చూడలేదా?"

"ఏం చూడలేదు బాబాయ్?"

"ఆఖరి చుట్టులో బండి ఆగిపోతోంది. ఈ ఒక్కసారికీ నడిపించు స్వామీ అని... పెట్టీసేను."

"దండమా?"

"గట్టిగా అనకు! వీధిలో నా పరువేం కాను?"

ఆ అర నిమిషం ఆయనకి కలిపితే కప్పు ఎవరిదో కూడికలు నేర్చుకున్న నాకు తెలుసు. నాలుగు మూరలు ముందున్నది జోసెఫ్ బావ కదా. బాబాయి నేరుగా బావ ఇంటికి పోయి, "గుడి ముందు గెలిచిన కప్పు నాకెందుకయ్యా, నువ్వే ఉంచుకో," అని వీధంతా వినబడేలా అరిచి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే గోడ కిటికీలోంచి చెయ్యి వచ్చింది. "సెల్లీ, కాస్త చింతపండు ఉంటే ఇయ్యి." నేను ఇంట్లో ఉన్న చింతపండంతా ఇచ్చేశాను.

బాబాయి పోయాకే ఆ రహస్యం అక్కకి చెప్పాను. ఆ కప్పుతోనే బియ్యం కొలుస్తున్నదల్లా ఆగి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

"అంటే ఆ వేళ మొదట్నుంచీ చివరిదాకా నువ్వు ఒక్క తీర్పూ సరిగ్గా చెప్పలేదన్నమాట!"

అందుకని స్వామి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక ఎవరికీ అంపైరుగా నిలబడను. నిలబడక తప్పకపోతే దండం ఒక కన్ను తెరిచే పెడతాను.

దీనమ్మక్క ఇప్పుడు లేదు. మీరు బండి మీద పోతూ ఏ గుడి ముందో, చర్చి ముందో, ఇష్టమైన మనిషి ముందో చెయ్యి ఎత్తితే, ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి. అర నిమిషం చాలు.