సగం రోడ్డు మీద సరిచేసిన బండి

మా ఆవిడ మూడు చక్రాల ఎలక్ట్రిక్ సైకిల్‌ని బాగుచేస్తానని చెడగొట్టింది నేనే. ఈ పొద్దున మా వీధి చివర తారు రోడ్డు మీద ఈ ఏటి మిరపకాయలు పరిచారు. ఆ ఘాటుకు తుమ్ముకంటే ముందు నా తెలివే గుర్తొచ్చింది.

ముందటేడు ఆమెకు పక్షవాతం వచ్చి తగ్గింది గానీ ఎడమచేతికి పట్టు రాలేదు. చర్చికైనా, స్త్రీల కూటానికైనా ఎవరో ఒకరు దింపాలి. "నన్ను బస్తాలాగా మోసుకెళ్ళి దించుతున్నారండీ" అని ఒకరోజు ఏడ్చింది. అందుకే ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి ఉన్న ఆ బండి పోయినేడు కొన్నాం. మొదటిసారి ఒక్కతే కూటానికి వెళ్ళొచ్చి, మొహమంతా వెలుగుతుండగా, "కొంచెం ఎడమకి లాగుతోందండీ" అంది. ఎడమచేతికి పట్టు లేని మనిషికి ఎడమకి లాగే బండా! తెలుగు మాస్టారుగా ఉద్యోగమంతా బళ్ళో సంధులు విడదీసినవాణ్ణి, రెండు నట్లు విడదీయలేనా అనుకున్నాను. రోడ్డుకి ఎడమ పక్కనే నడిపి చూస్తూ, చక్రాన్ని హ్యాండిల్‌కి కలిపే రాడ్డు తిప్పుతూ, చివరికి గీత గీసినట్టు పోయేలా చేశాను.

ఆ వారమే మా బావమరిది తన కాయలు తెచ్చి రోడ్డుకి ఎడమ సగమంతా ఆరబోశాడు. మా వైపు కాయల రోజుల్లో సగం రోడ్డు రైతుది, సగం బండ్లది. ఎవరూ ఏమీ అనరు. ఆవిడ కుడి సగంలోకి మళ్ళింది. బండి ఆమెను లాక్కుపోయి కుడి పక్క ఎండిన కాలవలో పడేసింది.

బావమరిది పరిగెత్తుకొచ్చి లేపాడు. "ఈ వయసులో నీకెందుకక్కా ఇదంతా? ఇంట్లో కూర్చోలేవా? బండి బాగుచేసింది బావేనా? ఇంకేం, నీ అదృష్టం!"

ఆమె ఇంటికొచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టి, "అమ్మెయ్యండి" అంది. ఆ వారం కూటానికి వెళ్ళలేదు, ఆ పై వారమూ వెళ్ళలేదు. గుమ్మంలో కూర్చుని, చర్చి మైకులో వచ్చే పాటను పెదాలతోనే పాడుకునేది. నేను లోపల పేపరు తలకిందులుగా పట్టుకుని చదివేవాణ్ణి.

ఒక సాయంత్రం హఠాత్తుగా వానొచ్చింది. బావమరిది కాయల మీద పట్టా కప్పడానికి సాయం పోయాను. చూస్తే నీళ్ళు రోడ్డు నడుమనుంచి రెండు పక్కలకీ జారిపోతున్నాయి. ఎడమ సగంలో ఏ బండైనా ఎడమకే జారుతుందన్నమాట! రోడ్డుకి పెట్టాల్సిన వంక బండికి పెట్టాను. దాంతో కుడి సగంలో రోడ్డు వాలూ, బండిని కుడికి తిప్పిన నా పనితనమూ ఏకమై ఆమెను తోసేశాయి.

చర్చి ముందు సిమెంటు గచ్చు మీద చెంబెడు నీళ్ళు పోసి, ఎటూ పారవని నమ్మకం కుదిరాక బండి నిలబెట్టాను. ఆవిణ్ణి బతిమాలి సీటు మీద కూర్చోబెట్టి, ముందు చక్రాల మధ్య ఎడాన్ని వాటి ముందు అంచునా వెనక అంచునా పురికొసతో కొలుస్తూ, రెండూ సమానమై హ్యాండిల్ సూటిగా నిలిచేదాకా రాడ్డు తిప్పాను. మొదట నేను నడిపి చూపించాను. తర్వాత ఆమె భయంభయంగా ఒక చుట్టు వేసింది. ఇంకో చుట్టు వేసింది. పిలిచినా ఆగలేదు.

బావమరిది పని మాత్రం మిగిలింది. వాణ్ణి ప్రార్థనకు రమ్మంటే ఎప్పుడూ చేలో పనే. మరుసటి కూటం రోజు చర్చి గేటు దగ్గర దొరికాడు. "వెనక ఎక్కరా, మీ అక్క చర్చి గుమ్మందాకా దింపుతుంది" అన్నాను. మొహమాటపడి ఎక్కాడు. గచ్చు మీదకు రాగానే నేను సైగ చేశాను. ఆవిడ హ్యాండిల్ వదిలేసి చేతులు పైకెత్తింది. ఎడమది భుజం దాకానే లేచింది. బండి మాత్రం సూటిగా, నింపాదిగా పోతూనే ఉంది.

"అక్కా! పట్టుకో అక్కా! ప్రభువా! ఓరి దేవుడో, ప్రభువా!"

ఏళ్ళ తరబడి వాయిదా వేసిన ప్రార్థనంతా, గచ్చు ఆ చివరకు చేరేలోపే చేసేశాడు.