కంచు చేతుల కింద

దోబ్రినా మామ్మ తెల్లవారకముందే లేచి బానిత్స కాల్చింది. పొరపొరకీ వెన్న రాసి, గొర్రెపాల జున్ను దండిగా కూరి, పెద్ద పళ్లెం నిండా చేసింది. ఒంటి మనిషికి అంత రొట్టె ఎందుకని అడిగేవాళ్లు ఆ ఇంట్లో లేరు. మొగుడు పోయి చాలా కాలమైంది. ద్రాగోలెష్ ఊళ్లో సగం మందికి పురుడు పోసిన మంత్రసానికి తన కడుపు మాత్రం పండలేదు. ఒకప్పుడు ఊరు ఆ మాట గుసగుసలాడుకునేది. ఇప్పుడు గుసగుసలాడటానికైనా ఆవిడ ఎవరికీ గుర్తుకు రావడం లేదు.

ఆ రోజు మంత్రసానుల పండగ. బిడ్డను కన్న ప్రతి ఆడదీ సబ్బూ, కొత్త తువ్వాలూ పట్టుకుని తనకు పురుడు పోసినామె ఇంటికి పోవాలి. ఆమె చేతుల మీద నీళ్లు పోసి కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకోవాలి. తువ్వాలు ఆమెకే ఇచ్చెయ్యాలి. ఒకప్పుడు ఈ పండగకి దోబ్రినా వాకిట్లో కాలు పెట్టే చోటుండేది కాదు. పాటలూ, ద్రాక్ష సారా, మొహమాటం లేని పరాచికాలూ. ఆ పూట మగాడెవడైనా వీధిలో దొరికితే టోపీ లాక్కుని ఏడిపించి గానీ వదిలేవారు కాదు.

తర్వాత ఆమె పనిచేసే ఊరి ఆస్పత్రిలో పురుళ్ల వార్డు మూసేశారు. ఇప్పటి అమ్మాయిలు జిల్లా కేంద్రానికి పోయి కని వస్తున్నారు. అక్కడ బిడ్డను పట్టిందెవరో వాళ్లకే తెలీదు.

అది చాలదన్నట్టు గ్రంథాలయం ముందు విగ్రహం వెలిసింది. ఈ ఊరి ఆడపడుచు, ఈ కొండల్లో మొట్టమొదటి డాక్టరమ్మ, ఎవ్దోకియా రాషెవా. కంచు డాక్టరమ్మ పీట మీద కూర్చుని, బిడ్డను అందుకోబోతున్నట్టు రెండు చేతులూ ముందుకు చాపి ఉంటుంది. బిడ్డను మాత్రం పోత పోయలేదు. డబ్బు చాలలేదని కొందరు, కళంటే అదేనని కొందరు. చాపిన చేతులు ఖాళీగా కనబడితే మన ఆడవాళ్లు ఊరుకుంటారా? పండగనాడు వాటి మీద నీళ్లు పోయడం మొదలెట్టారు.

బతికుండగా డాక్టరమ్మ ఒక్కసారైనా నీళ్లు పోయించుకున్న మనిషి కాదు. "నాకు జీతమిస్తున్నారు కదర్రా! రాత్రంతా మీ పక్కన కూచున్నది ఆ పిల్ల. దాని దగ్గరికి పొండి" అని దోబ్రినాను చూపించేది. ఈ సంగతి ఊరికి ఎవరు చెప్పాలి? నా చేతులు కడగండని అడుక్కునే మంత్రసాని ఎక్కడైనా ఉంటుందా?

నిరుడు ఇద్దరొచ్చారు. వాళ్లలో ఒకామె పోయింది, ఇంకొకామె మంచం పట్టింది. ఈసారి ఒక్కరైనా రాకపోతారా అని మామ్మ కిటికీ దగ్గరే కూర్చుంది. కూజాలు పట్టుకుని ఆడవాళ్లు గుంపులుగా వెళ్లారు, అందరూ విగ్రహం వైపే. మధ్యాహ్నం దాటింది. బానిత్స చల్లారిపోయింది. ఇక కూర్చోలేక కోటు తొడుక్కుని తనూ అటే నడిచింది.

"మామ్మొచ్చింది, దారివ్వండే!" అని అరిచింది పురపాలక కార్యాలయంలో పనిచేసే ఇస్క్రా. "రా మామ్మా, డాక్టరమ్మకి నువ్వూ నీళ్లు పొయ్యి."

"నేను పొయ్యకూడదమ్మా. బిడ్డను కన్నవాళ్లే పొయ్యాలి."

"ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తార్లే! కూజా పట్టుకో, ఫొటో తీస్తా."

"వదిలెయ్యవే. సారా పోస్తానంటే పుచ్చుకుంటుంది గానీ నీళ్లెందుకు మామ్మకి!" అంది ఎవరో. అంతా గొల్లుమన్నారు. మామ్మ కూడా నవ్వింది.

కూజా రలీత్స అందుకుంది. ఎదురుకాళ్లతో పుట్టిన పిల్ల. ఏడవకపోతే, ఏడ్చేదాకా వీపు చరిచి ఊపిరి తెప్పించింది దోబ్రినాయే. వార్డు మూసేముందు ఆ రలీత్సకే మొదటి పురుడూ పోసింది. రలీత్స గోరువెచ్చని నీళ్లు కాచి తెచ్చి కంచు చేతుల మీద పోస్తోంది. అరచేతిలో పెట్టిన సబ్బు జారి కింద పడింది.

దోబ్రినా వంగి సబ్బు తీసింది. తీసి, లేవలేదు. కంచు వేళ్ల సందుల్లోంచి కారే నీళ్ల కింద రెండు చేతులూ పట్టింది. ఆ వేళ్లు దాటేసరికి వెచ్చదనమంతా పోయి నీళ్లు మంచులా తగిలాయి. అయినా ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎవరూ చూడకుండా సబ్బును అరచేతుల మధ్య ఒకసారి రుద్దుకుంది.

"పక్కకి జరుగు మామ్మా, తడిసిపోతావ్" అంది రలీత్స. "ఈ వయసులో జలుబు చేస్తే నిన్నెవరు చూస్తారు?"

ప్రేమగానే అంది.

"అవునమ్మా, తడిసిపోతాను" అని జరిగి, సబ్బును డాక్టరమ్మ ఒళ్లో పెట్టింది. కంచు భుజాల మీద కొత్త తువ్వాళ్లు ఒకదాని మీద ఒకటి వేలాడుతున్నాయి. వాటిలో ఒక్కటీ తనది కాదు. చేతులు కోటుకు తుడుచుకుని ఇంటిదారి పట్టింది.