చప్పుడు లేని బండ్ల మీద గండికోటకు

ఆ రోజుల్లో మా వైపు బండి ఎవరిదో కంటికంటే ముందు చెవికి తెలిసేది. ఫ్యాక్షన్ పెద్దోళ్ళ జీపుదొక చప్పుడు, పోలీసు జీపుది ఇంకొకటి. వాకిట్లో కూర్చోవాలో, లోపలికి పోయి తలుపు వేసుకోవాలో ఆ చప్పుడే చెప్పేది. సరిగ్గా అలాంటి కాలంలో, అసలు చప్పుడే చేయని బండ్లు అమ్మే ఉద్యోగంలో చేరాను నేను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, నాకు తెలియనిది లోకంలో లేదు.

మా యజమాని కువైట్‌లో పదిహేనేళ్ళు కారు నడిపి వచ్చి ప్రొద్దుటూరులో ఎలక్ట్రిక్ బండ్ల షాపు పెట్టాడు. ఊరంతా ఆయన్ని కువైట్ మామ అనేది. మూడు నెలలైనా ఒక్క బండీ కదలలేదు. 'కొండెక్కించి చూపిస్తే గానీ జనం నమ్మరప్పా' అన్నాడు మామ ఒకరోజు. జమ్మలమడుగు నుంచి మైలవరం డ్యాం నీళ్ళ పక్కగా, కొండల్లో అడవి దాటించి, గండికోట దాకా నేను తీసుకుపోతానన్నాను. 'దోవ తెలుసునా నీకు?' అన్నాడు. 'కండ్లు మూసుకోని పోతా మామా' అన్నాను. (అబద్ధం కాదు. బడిలో ఉన్నప్పుడు ఒకసారి బస్సులో పోయాను, దారి పొడవునా నిద్రపోతూ.)

ఐదుగురు వచ్చారు. మిషన్ బడిలో చదువు చెప్పే టీచరమ్మ, కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసే నలుగురు. మామ అందరికీ నల్ల హెల్మెట్లు ఉచితంగా ఇచ్చాడు. అంత చిన్న బండ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి నెంబరు ప్లేట్లు లేవు. పొద్దున పూట నీళ్ళ మీద కొంగలు లేస్తుంటే, తుమ్మచెట్ల మధ్య గాలిచప్పుడు తప్ప ఏమీ వినపడకుండా పోతూ ఉంటే, టీచరమ్మ 'చర్చిలో ఉన్నట్టుండాది నాయనా' అన్నది. ఆ మాటతో నాకు ఇంకాస్త ధైర్యం వచ్చి అడ్డదారి పట్టించాను. ఆ దారి మూడు గుట్టలు ఎక్కించి, బండ్లలో ఉన్న చార్జింగంతా తాగేసి, మధ్యాహ్నానికి మమ్మల్ని ఎవరూ పిలవని ఒక ఊళ్ళో దించింది.

ఒక పెద్ద ఇంటి ముందు పదిమంది పేకాడుతున్నారు. నల్ల హెల్మెట్లు, ప్లేటు లేని బండ్లు, ఆరుగురు మనుషులు, చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. మమ్మల్ని చూడడం, పేకముక్కలు కింద పడడం, కట్టెలు చేతికి రావడం ఒక్కసారే జరిగాయి. 'ఎవురప్పా మీరు? సప్పుడు ల్యాకుండా వస్తాండారేంది? ఎవురు పంపిచ్చిరి?' గైడును నేనే అయినా, హెల్మెట్ ముందు తీసింది టీచరమ్మ. నెరిసిన ముడి కనపడగానే కట్టెలు కాస్త దిగాయి. 'గండికోట చూడనీకి పోతాండామప్పా. బండ్లల్లో కరెంటు అయిపాయ' అన్నది, బడిలో హాజరు పిలిచినంత తాపీగా.

అంతలో ఆ ఇంటి పెద్దాయన బయటికొచ్చాడు. పార్టీ మారితే చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు మారేంత మనిషి. బండి చుట్టూ తిరిగి, వంగి చూసి, 'పెట్రోలు యాడ పోస్తారు?' అన్నాడు. పొయ్యక్కర్లేదన్నాను. 'చార్జింగ్‌కు ఎంతసేపు?' 'నాలుగు గంటలు పెద్దాయనా.' ఆయన ఒకసారి మా వైపు, ఒకసారి నడినెత్తి ఎండ వైపు చూశాడు. తర్వాత ఆయనే లోపలికి దోవ చూపించాడు. ఆరు బండ్లూ ఒకేసారి తగిలించేసరికి ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోయింది. ఫ్యాక్టరీ వాళ్ళు దాన్ని బాగుచేశాకే మాకు సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టారు.

సాయంత్రం నాలుగు దాటాక పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. 'సప్పుడు రాదంటివే, మావాళ్ళకు గూడా ఇనపడదా?' అన్నాడు మెల్లగా. ఒక బండి తానే పట్టుకుని వెనక వాకిలి తెరిచాడు. 'నీళ్ళకాడికి పోయొద్దాం, నువ్వు ముందు పో.' జీపు నిండా మనుషులు లేనిదే గడప దాటని ఆయనకు నేను ధైర్యం చెప్పాను: 'ఏం భయపడాకు పెద్దాయనా, నేనుండా.'

డ్యాం నీళ్ళ ఒడ్డున చెప్పులు విడిచి, పాదాలు నీళ్ళలో పెట్టి కూర్చున్నాడు. 'ఇంటెనకాలే ఉండాయి ఈ నీళ్ళు. ఒక్కన్నే వచ్చి ఎన్నేండ్లాయనో' అన్నాడు. పావుగంటకు జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చింది, అందులోని మనుషుల మొహాల్లో నెత్తురు చుక్క లేదు. 'గమ్మునుండండి, నీళ్ళు చూస్తాండా' అన్నాడు. వాళ్ళు మాకు వీపు తిప్పి, గుట్టల వైపు చూస్తూ నిలబడ్డారు. లేచేటప్పుడు నా భుజం తట్టాడు. 'నువ్వు పట్టిన దోవ గండికోటది గాదప్పా' అన్నాడు. ఇంటికి తిరిగొచ్చాక మా ఆరుగురి ముందు జీపు పంపించాడు. పొద్దు గుంకే వేళకు పెన్నా లోయ అంచున నిలబడ్డాం.

ఆయన బండి కొంటానన్నాడు గానీ, ఆయన మనుషులు ససేమిరా ఒప్పుకోలేదు. టీచరమ్మ మాత్రం కొనింది, మామకు అదే బోణీ.

ఇప్పుడు నేను పక్క వీధికి పోవాలన్నా ఫోన్లో దారి చూసుకుని బయలుదేరుతాను. ఆ రోజు ఏదైనా జరిగి ఉంటే మొదట పారిపోయేవాణ్ణి నేనేనని నాకు బాగా తెలుసు. బహుశా ఆయనకూ తెలుసు. అయినా నీళ్ళ దాకా ఆయన నా వెనకే వచ్చాడు. ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఎక్కడైనా ఎదురుపడితే దారి మాత్రం అడగను. వెనకాలే నా బండి పోనిస్తాను, అంతే.