జ్వరమని రాయమంది అమ్మ

గుంటూరు ఫ్యామిలీ కోర్టులో నా పేరు పిలిచినప్పుడు నేను గేటు పక్క టీ కొట్టు బెంచీ మీదే ఉన్నాను. పాప తనకే కావాలని మా ఆయన వేసిన కేసది. నన్నా బెంచీ మీద కూర్చోబెట్టింది మా మేనమామ.

"ఆ జనంలో నువ్వేం నిలబడతావమ్మా. పిలవగానే నేనొచ్చి తీసుకెళ్తాగా," అన్నాడు. నాన్న పోయాక నన్ను చదివించి, పెళ్లి చేసిన మనిషి. ఆయన్ని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మాలి?

మధ్యాహ్నం దాటాక వచ్చి, వాయిదా పడిందన్నాడు. బస్సెక్కి ఇంటికొచ్చేశాం. కొన్నాళ్లకు మా ఆయన కోర్టు ఆర్డరు పట్టుకొచ్చి పాపను తీసుకెళ్లిపోయాడు. ఆ రోజు బంట్రోతు గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలిచాడట. నేను పలకలేదు కాబట్టి ఆయన అడిగినట్టే పాపను ఆయనకిచ్చేశారట.

మామయ్య మిరపకాయలు ఏటా అమ్ముడయ్యేది మా ఆయన కొట్లోనే. ఆ సంగతి నాకు తెలుసు. దాన్నీ దీన్నీ కలిపి చూడాలని తోచలేదంతే.

ఒక్కదాన్నే మళ్లీ కోర్టుకు వెళ్లాను. ఆఫీసులో ఎవర్నడిగినా "మీ లాయర్‌ని రమ్మనండి" అన్నారు. చివరికి వరండాలో తన కేసు కోసం కూర్చున్న చీరాల ఆవిడ చెప్పింది.

"లాయరు లేకపోతే ఏంటమ్మా? ఈ కోర్టులో మన మాట మనమే చెప్పుకోవచ్చు. ఆ రోజు ఎందుకు పలకలేదో రాసి అర్జీ పెట్టుకో, మళ్లీ వింటారు. ఆలస్యం మాత్రం చెయ్యకు."

ఈ ముక్క ఆ గోడల మీద ఎక్కడా లేదు. ఉమ్మి వేయరాదని మాత్రం ఇంతింత అక్షరాలతో రాశారు.

ఇంటికొచ్చి అర్జీ రాస్తుంటే, పక్కన మిరపకాయల తొడిమలు తీస్తున్న అమ్మ, "జ్వరమొచ్చిందని రాయి," అంది.

"నాకు జ్వరం రాలేదుగా."

"అయితే మీ మామయ్య పేరు కోర్టుకెక్కిస్తావా? పాప అక్కడుంటే తిండికీ చదువుకీ లోటుండదు, నీకూ బరువు తగ్గుతుందన్నాడు. నేనూ సరేనన్నా."

"నీకు ముందే తెలుసా అమ్మా?"

అమ్మ ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. తొడిమలు తీస్తూనే ఉంది. మామయ్య మీద నాకొచ్చింది కోపం. అమ్మ మాటకు మాత్రం ఏడుపొచ్చింది, అది ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు. ఏడుస్తూనే జరిగింది జరిగినట్టు రాశాను.

జడ్జిగారు చదివి, "సొంత మేనమామేనా?" అని అడిగారు. అవునండీ అన్నాను. కేసు మళ్లీ మొదటినుంచి వింటానన్నారు. తేలేదాకా పాప నా దగ్గరే ఉండాలన్నారు.

ఇప్పుడు వాయిదాకు వెళ్తే కోర్టు గుమ్మం పక్కనే కూర్చుంటాను. టీ కొట్టు దగ్గర ఏ ఆడమనిషైనా ఒంటరిగా కనిపిస్తే వెళ్లి లేపుకొస్తాను. "నీ పేరు నువ్వే విను. ఇంకొకళ్ల చెవులకు వదిలెయ్యకు," అంటాను. ఒకావిడ నన్ను పిచ్చిదాన్ననుకుంది. అనుకోనీ.

అమ్మ మామయ్య ఇంటికి మారిపోయింది. నాతో మాట్లాడదు. అమ్మమ్మ మనింటికి ఎందుకు రావట్లేదని పాప అడుగుతూ ఉంటుంది.

జ్వరమొచ్చిందని చెబుతున్నాను.